నీలి పొగ వాల్వు గైడ్లదా, రింగులదా? పాత ఓవర్‌హెడ్ వాల్వు ఇంజన్ మీద పరీక్షలు

రాయలసీమ_రాకర్

అందరికీ నమస్కారం. నాన్నగారి కాలం నాటి అంబాసిడర్ మా ఇంట్లో ఉంది. 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వు పెట్రోలు ఇంజన్. లాగుడులో లోపం లేదు, గొడవంతా పొగతోనే. రాత్రంతా నిలబెట్టి పొద్దున స్టార్ట్ చేస్తే గుప్పున నీలి పొగ వచ్చి కాసేపటికి పోతుంది. తిరుమల ఘాట్ రోడ్డు మీద కాలు ఎత్తేసి సెకండ్ గేర్లో దిగి, కిందకొచ్చాక మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కితే చాలు, వెనక వచ్చేవాడికి నా బండి కనపడదు. ఎక్కేటప్పుడు మాత్రం పొగ లేదు. ఆయిల్ వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాకా తాగుతోంది.

మా ఊరి మెకానిక్ పొగ చూసి, "రింగులు పోయాయి, బోరు చేయించు" అని తేల్చేశాడు. అంటే పిస్టన్ రింగులు మార్చి సిలిండర్లు చెక్కించాలట. ఖర్చు సంగతి అలా ఉంచి, అనవసరంగా ఇంజన్ విప్పడం నాకిష్టం లేదు. ఆయిల్ నిజంగా వాల్వుల దగ్గర నుంచే దిగుతోందా అని తేల్చే పరీక్షలు ఉన్నాయా? అభిప్రాయాలు బోలెడు విన్నాను, పరీక్షలు చెప్పండి.

ఆటోనగర్_బాబాయి

అబ్బాయ్, సగం పరీక్ష నువ్వే చేసేశావు. దిగుడులో పొగ గైడ్లది, అంటే వాల్వు కాడ జారే గొట్టాలది. ఎక్కుడులో పొగ రింగులది. పొద్దున గుప్పుమనేది కూడా గైడ్ల సంతకమే. వాల్వులను నొక్కే రాకర్ల కింద నిలిచిన ఆయిల్ రాత్రంతా వాల్వు కాడ వెంట దిగి వాల్వు తల మీద కూర్చుంటుంది. స్టార్ట్ చేయగానే అది కాలుతుంది.

అయినా బోరు సంగతి కూడా తేల్చుకో. సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టి నాలుగు సిలిండర్లూ చూడు. తర్వాత ఒక్కోదాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడు. రీడింగు అమాంతం పెరిగితే రింగులు. పెద్దగా కదలకపోతే బోరు మాట మర్చిపో.

పద్మిని_1100

నా ఫియట్‌కి ఇదే తంతు ఉండేది. చిక్కటి ఆయిల్ పోశాను, పొగ తగ్గింది. ఇంత గోల దేనికి?

ఆటోనగర్_బాబాయి

ఆయిల్ దిగడం ఆగలేదు నాయనా, నెమ్మదించింది. వేసవిలో ఇంజన్ బాగా కాగాక ఒకసారి చూసుకో.

ఓరుగల్లు_ఫిజిక్స్

బాబాయి గారి మాటకు కారణం కూడా చెప్పుకుంటే పరీక్షలు తేలికవుతాయి. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు థ్రాటిల్, అంటే గాలి లోపలికి పోయే తలుపు, దాదాపు మూసుకుని ఉంటుంది. సిలిండర్లకు గాలీ పెట్రోలూ తీసుకెళ్ళే గొట్టంలో, అంటే ఇన్‌లెట్ మానిఫోల్డులో, 18 నుంచి 20 అంగుళాల పాదరసం మేర వాక్యూమ్ ఏర్పడుతుంది. అంటే అక్కడ మిగిలేది బయటి గాలి పీడనంలో మూడో వంతు. రాకర్ కవర్ కింద మాత్రం బయటి పీడనమే. ఈ రెండింటి మధ్య అడ్డు ఏమిటంటే గైడుకూ వాల్వు కాడకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందు. ఆ సందు నిండా ఆయిలే. కాలు ఎత్తేసి ఘాట్ దిగేటప్పుడు వాక్యూమ్ ఇంకా పెరుగుతుంది, ఆయిల్ లోపలికి లాక్కుపోతుంది. ఫుల్ థ్రాటిల్‌లో వాక్యూమ్ దాదాపు ఉండదు కాబట్టి ఎక్కేటప్పుడు ఇన్‌లెట్ గైడ్ల నుంచి లీకూ ఉండదు.

ఎగ్జాస్టు గైడ్ల సంగతి వేరు. అక్కడ దిగిన ఆయిల్ సిలిండర్లోకి పోదు, సైలెన్సర్ దారిలో కాలుతుంది. ప్లగ్గులు పొడిగా ఉండి, ఎగ్జాస్టు పోర్టు (పొగ బయటికి పోయే రంధ్రం) మాత్రం జిడ్డుగా ఉంటే అనుమానం అటు మళ్ళాలి.

రాకర్ గారూ, వాక్యూమ్ గేజి దొరికితే పెట్టి చూడండి. ఐడిల్‌లో ముల్లు గజగజలాడి, ఆర్‌పీఎమ్ పెంచితే నిలబడితే గైడ్లు అరిగినట్టు. ఆర్‌పీఎమ్ పెంచేకొద్దీ వణుకు పెరిగితే స్ప్రింగులు నీరసపడినట్టు.

రాయలసీమ_రాకర్

ధన్యవాదాలు మేడమ్. కంప్రెషన్ చూశాను బాబాయ్. నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఆయిల్ పోశాక కూడా పెద్ద తేడా రాలేదు. వాక్యూమ్ ముల్లు మేడమ్ చెప్పినట్టే ఐడిల్‌లో వణికి, తర్వాత నిలబడింది. అంటే కాడ వెంట ఆయిల్ దిగకుండా ఆపే రబ్బర్లు, వాల్వు సీళ్ళు మార్చేస్తే సరిపోతుందా?

ఓరుగల్లు_ఫిజిక్స్

ఆగండి. ఇప్పటిదాకా తేలింది రింగులు కావని. సీళ్ళే అని ఇంకా తేలలేదు. ఆయిల్ మానిఫోల్డులోకి వెళ్ళడానికి ఈ ఇంజన్‌లో ఇంకో దారి ఉంది. రాకర్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కి ఒక బ్రీదర్ గొట్టం వెళుతుంది కదా, దాంట్లోంచి ఆయిల్ తుంపర పోతే కూడా అచ్చం వాల్వు లీకులాగే కనిపిస్తుంది. ముందు ఆ గొట్టం పీకి, ఎయిర్ క్లీనర్ వైపు రంధ్రం మూసేయండి. కవర్ వైపు కొసను ఖాళీ సీసాలోకి వదలండి, సీసా మూతి మాత్రం బిగించొద్దు. అలా కొన్నాళ్ళు తిప్పి సీసాలో ఎంత చేరిందో చూడండి.

ఒకేసారి రెండు మార్పులు మాత్రం చేయకండి. పొగ తగ్గుతుంది గానీ దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు.

కోవెంట్రీ_తెలుగోడు

ఈ చర్చ చూస్తుంటే ఆనందంగా ఉంది. మేముండే ఊరు ఒకప్పుడు డైమ్లర్ కార్ల ఊరు. వాల్వుల దగ్గర ఆయిల్ అనే తలనొప్పికి ఇక్కడ పెద్ద చరిత్రే ఉంది. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదటి కార్లలో ఆయిల్ లీకు అనే ఫిర్యాదే లేదు, ఎందుకంటే ఆయిల్ పోవడమే పద్ధతి. చుక్కలు చుక్కలుగా పోయడం, అది కాలిపోవడమో కారిపోవడమో జరగడం, మళ్ళీ పోయడం. వాల్వు కాడలు బయటికే కనిపించేవి. ఫోర్డ్ మోడల్ టీకి 1911 దాకా వాల్వుల మీద మూత లేదు. షెవర్లే 490లో రాకర్లు గాలికీ దుమ్ముకూ తెరిచి ఉండేవి, నూనె డబ్బాతో చేత్తో చుక్కలు వేసుకోవాల్సిందే. ఆ రోజుల్లో గైడ్ల బాధ ఆయిల్ ఎక్కువై కాదు, చాలక. దుమ్ము పడి, పొడిబారి అరిగేవి. మూతలు వచ్చి, రాకర్లకు పంపుతో ఆయిల్ అందడం మొదలయ్యాక అరుగుదల తగ్గింది, ఈ లీకు మొదలైంది. మీ అంబాసిడర్ సమస్య ఆ సౌకర్యానికి కట్టే సుంకం.

అసలు వాల్వులే వద్దనుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు, అమెరికన్ చార్ల్స్ యేల్ నైట్. వాల్వుల టకటక చప్పుడు భరించలేక పిస్టన్ చుట్టూ ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలు పెట్టాడు. వాటికున్న రంధ్రాలు కలిసినప్పుడు గాలి లోపలికి, పొగ బయటికి. డైమ్లర్ దాన్ని తీసుకుంది. ఎవరూ నమ్మకపోతే 1909లో రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరీక్ష పెట్టింది. ఇంజన్‌ను బెంచి మీద 132 గంటలు లోడుతో నడిపారు. అదే ఇంజన్‌ను కారుకు బిగించి బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద సుమారు 2000 మైళ్ళు తిప్పారు. తీసి మళ్ళీ బెంచి ఎక్కించారు. విప్పి చూస్తే చెప్పుకోదగ్గ అరుగుదల లేదు. ఆ ఏడాది డ్యూవర్ ట్రోఫీ డైమ్లర్‌కే ఇచ్చారు.

చప్పుడు లేదు, అరుగుదల లేదు, నిజమే. కానీ రెండు గొట్టాలకూ నాలుగు వైపులా ఆయిల్ పూత ఉండాలి. అది రంధ్రాల దగ్గర జారి లోపలికి పోయేది. నైట్ ఇంజన్ వెళ్ళిన దారిలో నీలి పొగ మామూలే. ఆయిల్ తొట్లను థ్రాటిల్‌కి కలిపారు, ఎక్కువ తొక్కితేనే ఎక్కువ ఆయిల్ అందేలా. తగ్గింది గానీ పోలేదు.

పద్మిని_1100

కార్లకు పొగ వస్తే ఏమైంది, దొరలే కదా తిరిగింది!

కోవెంట్రీ_తెలుగోడు

కార్లతో ఆగితే బాగుండేది. 1916లో బ్రిటిష్‌వాళ్ళు యుద్ధంలోకి దింపిన మొదటి ట్యాంకుల్లో ఇదే డైమ్లర్ నైట్ ఇంజన్, 105 హార్స్‌పవర్. దాక్కుందామంటే పొగ ఆచూకీ ఇచ్చేసేది. అప్పుడు హ్యారీ రికార్డో అనే ఇంజనీరుని పొగ రాని ఇంజన్ చేయమన్నారు. ఆయన మామూలు వాల్వులకే వెళ్ళి, పిస్టన్ కింద క్రాస్‌హెడ్ అనే జారే ముక్క పెట్టి, సంపులోని (ఇంజన్ అడుగు తొట్టిలోని) ఆయిల్ సిలిండర్ గోడలకు ఎగజిమ్మకుండా అడ్డుకట్ట వేశాడు. 150 హార్స్‌పవర్ ఇచ్చిన ఆ ఇంజన్‌తోనే మార్క్ 5 ట్యాంకు నడిచింది. నాకు ఇందులో నచ్చేది ఏమిటంటే, ఆయన సీలు వెతకలేదు. ఆయిల్ అక్కడిదాకా అసలు ఎందుకు వస్తోందని అడిగాడు.

ఆటోనగర్_బాబాయి

ఆ దొర మన షెడ్డులో పనిచేయాల్సింది. నేను చెప్పబోయేదీ అదే. ఇందాక ఫోన్లో టైపు చేస్తుంటే కరెంటు పోయి నెట్ పోయింది.

అబ్బాయ్, సీళ్ళు కొనే ముందు రాకర్ కవర్ తీసి ఇంజన్ ఐడిల్‌లో పెట్టు. కింద గుడ్డలు పరుచుకో. రాకర్ షాఫ్టుకి పెడెస్టల్ (దాన్ని మోసే దిమ్మ) గుండా ప్రెషర్‌తో ఆయిల్ వస్తుంది. రాకర్ బుష్షులు బాగుంటే ఒక్కో రాకర్ పక్క నుంచి కొద్దికొద్దిగా ఊరుతుంది. బుష్షు అరిగితే అక్కడ ధార కడుతుంది. ఆ ధార నేరుగా స్ప్రింగు మీద పడి గైడు ముంచేస్తుంది. అప్పుడు ఎంత మంచి సీలు పెట్టినా ఏం లాభం? ఇంజన్ ఆపి ఒక్కో రాకర్‌ని చేత్తో పైకీ కిందికీ ఆడించు. కటకట తెలిస్తే బుష్షు పోయినట్టే.

డెట్రాయిట్_గ్యారేజ్

ఇంత కష్టం ఎందుకండీ? ఇప్పటి కార్లలో వచ్చే సీళ్ళు, గైడు తల మీద బిగుసుకుని కాడను పెదవితో తుడిచేవి, అవి పెట్టించేయండి. చుక్క దిగదు.

ఆటోనగర్_బాబాయి

సార్, చుక్క దిగకపోతేనే నాకు భయం. ఆ గైడ్లు పోత ఇనుము. కాస్త ఆయిల్ అందితేనే బతుకుతాయి. మొత్తం ఆపేస్తే కాడ పట్టేస్తుంది. పైగా గైడు అరిగి కాడ పక్కలకు ఊగుతుంటే ఆ రబ్బరు పెదవి ఎన్నాళ్ళు ఆగుతుంది? గైడు తల లేత్ మీద చెక్కించాలి కూడా. కొత్త గైడు వేసి, సందు సరిగ్గా పెట్టి, అప్పుడు ఇన్‌లెట్‌కి మాత్రం పెట్టుకుంటే నేను కాదనను. అరిగిన గైడు మీద కొత్త సీలు మాత్రం పెట్టించుకోవద్దు.

ఈ ఇంజన్‌కి కంపెనీ పెట్టిన పద్ధతి ఏమిటంటే, కాటర్ల (స్ప్రింగు టోపీని కాడకు పట్టి ఉంచే చీలల) కింద వాల్వు కాడకు చిన్న రబ్బరు రింగు. స్ప్రింగు టోపీలో నిలిచిన ఆయిల్ కాడ వెంట జారకుండా అది ఆపుతుంది. మొదట్లో వచ్చిన ఇంజన్లలో గైడు మీద రేకు టోపీ కూడా ఉండేది. చాలామంది హెడ్ (సిలిండర్ల మీద వాల్వులుండే దిమ్మ) పని చేసినప్పుడు ఆ టోపీలు మళ్ళీ పెట్టరు, స్క్రాపులో పడేస్తారు. రింగు వాల్వు తీసిన ప్రతిసారీ కొత్తది వేయాలి, వేసే ముందు ఆయిల్‌లో నానబెట్టాలి. పాతది చేత్తో నలిపితే బిస్కెట్టులా విరిగిందంటే దాని పని ఎప్పుడో అయిపోయింది.

డెట్రాయిట్_గ్యారేజ్

ఊగే కాడ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇన్‌లెట్ కాడకు అంత ఆయిల్ అక్కర్లేదు, పెట్రోలు తడి కూడా తగులుతుంది. ఎగ్జాస్టు వదిలేసి ఇన్‌లెట్ వరకు ఈ సీళ్ళు తప్పు కాదనే నా లెక్క.

రాయలసీమ_రాకర్

కొన్ని ఫలితాలు. బ్రీదర్ సీసాలో అడుగున కాస్త నురగలాంటి ఆయిల్ చేరింది, పెద్ద మొత్తం కాదు. ఘాట్ దిగితే పొగ మాత్రం అలాగే ఉంది. రాకర్లలో వెనక వైపు రెండు కటకటలాడుతున్నాయి, ఐడిల్‌లో వాటి పక్క నుంచి ధార కనిపించింది. షాఫ్టు తీసి బుష్షులు మార్పించాను, వేరే ఏమీ ముట్టుకోలేదు. ఘాట్ పొగ కొంత తగ్గింది, పొద్దున పొగ తగ్గలేదు.

ఇప్పుడు రబ్బరు రింగులు. సగం వాల్వులకు మార్చి, సగం అలాగే ఉంచి పోల్చి చూద్దామని ఆలోచన. 1, 3 సిలిండర్లకు కొత్తవి, 2, 4కు పాతవి. సరేనా మేడమ్?

ఓరుగల్లు_ఫిజిక్స్

ఆలోచన చాలా బాగుంది. సిలిండర్ల ఎంపిక మాత్రం మార్చాలి.

ఈ హెడ్‌లో ఇన్‌లెట్ పోర్టులు నాలుగు కావు, రెండే. 1, 2 సిలిండర్లకు ఒకటి, 3, 4కు ఇంకొకటి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-3-4-2. అంటే 2 పీల్చిన వెంటనే 1 పీలుస్తుంది, 3 తర్వాత 4. ఒకటో నంబరు గైడు నుంచి దిగిన ఆయిల్ చుక్క రెండో సిలిండర్ పీల్చేటప్పుడు దాంట్లోకి పోవచ్చు. మీరు 1కి కొత్త రింగు, 2కి పాత రింగు పెడితే రెండు ప్లగ్గులూ ఒకేలా మసిబారతాయి. చూసి "రింగులతో లాభం లేదు" అనుకుంటారు.

కాబట్టి జంటలుగా చేయండి. 1, 2కు కొత్తవి, 3, 4కు పాతవి. నాలుగు ప్లగ్గులూ ఒకే రకం కొత్తవి వేసి, అదే ఘాట్, అదే గేర్లో దిగి, కింద ఇంజన్ ఆపేసి ప్లగ్గులు విప్పి పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. ఆ తర్వాత కొత్తవి 3, 4కు కూడా వేసి, మళ్ళీ అదే దారిలో దిగండి. మొదటిసారి తేడా కనిపించి రెండోసారి మాయమైతే అది రింగుల ఫలితమే. రెండోసారీ 3, 4 జిడ్డుగానే ఉంటే అటువైపు గైడ్లు ఎక్కువ అరిగాయని.

ఆయిల్ వాడకం డిప్‌స్టిక్ గీతలతో లెక్కించకండి. కారు ఒక పక్కకు వాలినా, ఇంజన్ ఆపిన వెంటనే చూసినా గీత మారుతుంది. గచ్చు మీద ఒకే చోట నిలిపి, వేడిగా ఉండగా ఆయిల్ మొత్తం దించి, తూకం వేయండి. పోసినప్పుడూ తూకమే. ఇంకొక మాట, కూరగాయలకీ పాలకీ ఊళ్ళోనే తిప్పే బండిలో ఆయిల్‌లోకి కాస్త పెట్రోలు దిగుతుంది. తూకం తగ్గలేదు కాబట్టి ఆయిల్ తాగలేదనుకుంటాం. తూకం వేసే ముందు హైవే మీద బాగా వేడెక్కేదాకా తిప్పండి.

కడప_కార్బురేటర్

చిన్న సందేహం. సీసం లేని పెట్రోలు వల్లే గైడ్లు పోతున్నాయని మా వైపు అంటారు. నిజమేనా?

ఓరుగల్లు_ఫిజిక్స్

సీసం తీసేసినందువల్ల ఎక్కువగా ఇబ్బంది పడేది ఎగ్జాస్టు వాల్వు సీట్లండీ, వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచులు. మన దేశమంతటా 2000 నుంచి సీసం లేని పెట్రోలే. సీటు లోపలికి దిగిపోతే ట్యాపెట్ సందు (రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య వదిలే ఖాళీ) తగ్గుతూ వస్తుంది. దాన్ని బట్టి పట్టుకోవచ్చు, పొగను బట్టి కాదు.

రాయలసీమ_రాకర్

జంట పరీక్ష అయింది. ఫొటోలు పెట్టాను చూడండి. మొదటి విడతలో 1, 2 ప్లగ్గులు ఇటుక రంగులో పొడిగా ఉన్నాయి. 3, 4 నల్లగా, ప్లగ్గు మరల చుట్టూ తడి. తీసిన పాత రింగులు బాబాయి చెప్పినట్టే పుటుక్కున విరిగాయి, ఒక కాడకైతే రింగే లేదు. రెండో విడతలో 3 బాగుపడింది. 4 ఇంకా తడిగానే ఉంది. పొద్దున పొగ దాదాపు పోయింది.

ఆటోనగర్_బాబాయి

నాలుగో దాని ఇన్‌లెట్ గైడు. వాల్వుని కొద్దిగా తెరిచి తలను పక్కలకు ఆడించి డయల్ గేజి పెడితే తెలిసిపోతుంది, కానీ దానికి హెడ్ దించాలి. రెండు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు రెండు) దగ్గర ఉండాల్సిన సందు ఎంతయిందో చూడు.

హెడ్ దించినప్పుడు ఇంకో పని చెయ్. సీటు చుట్టూ గ్రీజు పూసి వాల్వు మూసి, మానిఫోల్డు ముఖానికి రబ్బరు షీటు, పైన పలక పెట్టి చేతి వాక్యూమ్ పంపు తగిలించు. గైడు తల చుట్టూ కిరసనాయిలు పోయి. పోర్టులోకి ఎంత త్వరగా దిగుతుందో చూస్తే, ఏ గైడు బాగుందో ఏది పోయిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

కోవెంట్రీ_తెలుగోడు

పోర్టు ఒకటే కాబట్టి 3, 4 రెండూ కలిసి లీకు చూపిస్తాయి బాబాయ్. ఒక కాడ మీద రబ్బరు టోపీ బిగించి రెండోది చూడాలి, తర్వాత అటుదిటు.

ఆటోనగర్_బాబాయి

అవును, సైకిల్ ట్యూబు ముక్క కట్టేస్తా నేనైతే.

రాయలసీమ_రాకర్

హెడ్ దించి చూశాం. 4 ఇన్‌లెట్ గైడు వదులు, కిరసనాయిలు ఆగకుండా దిగిపోయింది. 3 ఫరవాలేదు. ఎగ్జాస్టు గైడ్లు కొద్దిగా అరిగాయి గానీ పోర్టులు పొడిగానే ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. నాలుగు ఇన్‌లెట్ గైడ్లు కొత్తవి పోత ఇనుమువే వేయించి, రీమరు పట్టించి, సీట్లు గ్రైండు చేయించాను. కంపెనీ రబ్బరు రింగులే, పైన రేకు టోపీలు కూడా దొరికాయి, పెట్టేశాను. డెట్రాయిట్ గారి సీళ్ళు ఈసారికి పక్కన పెట్టాను.

ఘాట్ దిగి తొక్కితే ఇప్పుడు పల్చగా ఒక్క పొగ రేఖ, అంతే. తూకంలో ఆయిల్ వాడకం అంతకుముందు దాంట్లో పావు వంతు కూడా లేదు.

డెట్రాయిట్_గ్యారేజ్

ఆ పల్చటి రేఖ కూడా నా సీళ్ళకు పోయేది.

ఆటోనగర్_బాబాయి

ఆ రేఖ ఉండనివ్వండి సార్.

పద్మిని_1100

సరే, నేనూ దిగుతున్నాను. హెడ్ దించకుండా రబ్బరు రింగులు మార్చొచ్చని ఎక్కడో చదివాను, ప్లగ్గు రంధ్రంలోంచి తాడు పంపి. నిజమేనా? ఏ తాడు?

ఆటోనగర్_బాబాయి

నిజమే. అల్లిన నైలాన్ తాడు పంపు, కొస బయట వేలాడనివ్వు. నూలుదైతే పోగులు ఊడి లోపల మిగిలిపోతాయి. ఇంజన్ చల్లగా ఉండాలి. రెండు వాల్వులూ మూసుకుని ఉన్న కంప్రెషన్ స్ట్రోకులోనే చేత్తో తిప్పి పిస్టన్‌ని పైకి తీసుకురా. తాడు బిగుసుకుని వాల్వుని కింద నుంచి పట్టుకుంటుంది, అప్పుడు స్ప్రింగు నొక్కి కాటర్లు తియ్యి. దానికంటే ముందు పుష్‌రాడ్ (రాకర్లను కింద నుంచి తోసే కడ్డీ) రంధ్రాలన్నిట్లో గుడ్డ కుక్కు. కాటరు ముక్క అందులోకి జారితే సంపు విప్పుకోవాల్సి వస్తుంది.